నిప్పు లేని నవల

రేపు పొద్దున కోర్టులో బోనెక్కాలి. ఇవాళ మధ్యాహ్నం దాటినా ఆమెకు ఆ నవల కొరుకుడు పడలేదు.

స్టాఫ్ రూమ్‌లో కిటికీ పక్క బల్ల ఆమెది. బల్ల మీద పుస్తకం, పక్కన రంగు పెన్సిళ్ళ డబ్బా. కాలేజీలో పిల్లలు ఆమెను రంగు పెన్సిళ్ళ మేడం అంటారు, ఎదురుగా మాత్రం అనరు. ఏ నవల పట్టుకున్నా ఆమె పద్ధతి ఒకటే. ముందు కథ కోసం చదువుతుంది. తర్వాత కథను పక్కకు నెట్టేసి పోలికల కోసం చదువుతుంది. ఒక్కో పాత్రకు ఒక్కో రంగు. రచయిత ఆ పాత్రను దేనితోనైనా పోల్చిన ప్రతిచోటా ఆ రంగు గీత పడుతుంది.

"కథలో రచయిత మనకు చెప్పాలనుకున్నది చెబుతాడు. పోలికల్లో తన సంగతి తనకే తెలియకుండా చెప్పేసుకుంటాడు" అని ప్రతి ఏడూ మొదటి క్లాసులోనే చెబుతుంది. పిల్లలు బుద్ధిగా రాసుకుని, పరీక్షలో ఆ వాక్యాన్ని ఆమెకే తిరిగి అప్పజెబుతారు.

ఈసారి పుస్తకం పేరు 'తడిగోడ'. కోర్టు చుట్టూ తిరిగే కుటుంబ నవల. పరుపులు కుట్టే షెడ్డు ఒకటి ఓ మధ్యాహ్నం తగలబడుతుంది. పనివాడొకడు చేతులు కాల్చుకుని ఆసుపత్రి పాలవుతాడు. షెడ్డు యజమాని, అంటే ఇంటి పెద్ద, మీద కేసు. కుటుంబమంతా వరసగా బోనెక్కి ఒకరి బండారం ఒకరు బయటపెట్టుకుంటారు. చివరికి పెరిగి పెద్దదైన చిన్న కూతురు వచ్చి, పెద్దకొడుకు ఆ షెడ్డులో చాటుగా సిగరెట్లు కాల్చేవాడని చెబుతుంది. తండ్రి బయటపడతాడు. కొడుకు ఇల్లు వదిలిపోతాడు.

పుస్తకం బాగా పోతోంది. చిక్కేమిటంటే రచయిత్రికి నిజంగానే ఒక అన్న ఉన్నాడు. వాళ్ళ నాన్నకు నిజంగానే పరుపుల షెడ్డు ఉండేది. అది నిజంగానే తగలబడింది. ఆ అన్న ఇప్పుడు పుస్తకం ఆపించమని కోర్టుకెక్కాడు. అతని తరఫు ప్లీడరు ఈ రంగు పెన్సిళ్ళ లెక్చరర్‌కు సొంత అన్నయ్య. నవలలో పెద్దకొడుకు ఫలానా మనిషేనని, ద్వేషంతోనే అలా రాశారని సాహిత్యం తెలిసిన ఒకరు వచ్చి చెప్పాలి. అన్నయ్యకు ఊరంతా వెతకాల్సిన పని లేకపోయింది.

ఫోన్ మోగింది.

"చిన్నీ, అయిందా?"

"చదవడం అయింది. అర్థం కావడం కాలేదు."

"అర్థం చేసుకోమని నిన్నెవరడిగారు? ఆ పాత్ర మా క్లయింటేనని చెప్పు, చాలు. రెండు ముక్కలు చెప్పేసి పోయి క్లాసు చెప్పుకో."

"ఏదో తేడాగా ఉంది అన్నయ్యా."

"తేడా పుస్తకంలో లేదు, నీ బుర్రలో ఉంది. చిన్నప్పుడు బొమ్మ కొనిస్తే ఆడుకునేదానివా? లోపలేముందో చూస్తానని విప్పి పెట్టేదానివి."

"ఇంకా ఆ బొమ్మ దగ్గరే ఉన్నావా నువ్వు?"

"అది నా బొమ్మే మరి. సర్లే, విను. అవతలి లాయరు మళ్ళీ వాయిదా అడిగాడు. నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు చూస్తే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. జడ్జిగారికి కూడా మండినట్టుంది, రేపే సాక్ష్యం అనేశారు. మన నెత్తిన పాలు పోశారు. సాయంత్రం ఆఫీసుకి రా, క్లయింటు కూడా వస్తాడు."

ఆమె ఫోన్ పెట్టేసి పెన్సిల్ అందుకోబోయింది. చెయ్యి మధ్యలోనే ఆగింది.

ఒళ్ళు మండిపోతుంది.

పుస్తకం లాక్కుని మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టింది. చదవడం లేదు, వెతుకుతోంది. తండ్రీ కొడుకులు గొంతులు చించుకునే చోటు. అత్త తోటికోడలిని చూసి కుళ్ళుకునే చోటు. కోర్టు మెట్ల మీద బంధువులు కొట్టుకునే చోటు. ఇంతమంది ఇంతసేపు పోట్లాడుకున్న నవలలో ఒక్కరికంటే ఒక్కరికి ఒళ్ళు మండలేదు. ఎవరి కడుపూ రగల్లేదు. ఎవరి కళ్ళూ నిప్పులు కక్కలేదు. మన ఇళ్ళల్లో నాలుగు మాటల్లో ఒకటి నిప్పే. ఎండ మండుతుంది, ధరలు మండుతాయి, ఆకలికి కడుపు కాలుతుంది, నచ్చనివాడి మీద మండిపడతాం. ఏమీ తోచకపోతే అవతలివాడి మొహం మండిపోను అంటాం. ఈ పుస్తకంలో తండ్రికి కోపమొస్తే 'గట్టు తెగింది'. అత్తకు అసూయ 'నాచులా పట్టింది'. ఎండ మనుషుల్ని 'నిలువునా ముంచేసింది'. షెడ్డు తగలబడిన అధ్యాయంలో కూడా మంట అన్న మాట లేదు. 'నల్లటి నీళ్ళు ఆకాశంలోకి పారాయి. షెడ్డు పోయింది.' అంతే.

నిప్పు గురించి రాసిన నవల. నిప్పు మాట లేని నవల.

ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి కిటికీ దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో తెలియక వెనక్కి వచ్చింది. అనుకోకుండా ఇలా కుదరదు. ఒక మాటను ఇంత దూరం తప్పించుకుని నడవాలంటే ఆ మాట ఎప్పుడో ఒళ్ళు కాల్చి ఉండాలి.

ఇక నీలం గీతలు చూసింది. పెద్దకొడుకు రంగు నీలం. కథ ప్రకారం దోషి అతనే. దోషిని పామనో నక్కనో తేలనో రాయడం లోకరీతి. నీలం గీతల కింద ఒక్క పురుగూ లేదు. వానలో గొడుగులా నిలబడ్డాడు. చూరులా వంగాడు. గిన్నె మీద మూతలా ఊరుకున్నాడు. చలికాలం దుప్పటిలా బరువుగా ఉన్నాడు. రాసినామె కథతో అన్నను బోనెక్కించింది. పోలికలతో అతని కిందకు దూరింది.

అతను దేన్ని కప్పుతున్నాడు?

పాప రంగు ఆకుపచ్చ. షెడ్డు పోయేనాటికి చిన్న పిల్లయిన ఆ కూతురికి పుస్తకమంతటిలో ఒకే ఒక్క ఆకుపచ్చ గీత ఉంది. ఆ వాక్యాన్ని లెక్చరర్ ఇంతకుముందు రెండుసార్లు దాటిపోయింది. ఇప్పుడు ఆగింది.

'పాప పిడికిలి విప్పలేదు. అన్న తన పెద్ద అరచేతితో ఆ పిడికిలిని మూసి, గూట్లోంచి పడిన పిచ్చుక పిల్లను దాచినట్టు, చొక్కా కింద దాచాడు.'

షెడ్డు అంటుకున్నాక, జనం బకెట్లతో పరుగెడుతున్నప్పుడు, పెద్దకొడుకు పాపను ఎత్తుకుని బయటికొచ్చే చోటు అది. పిడికిలి ఎందుకు బిగించి ఉందో నవల ఎక్కడా చెప్పదు. అందులో ఏముందో ఎవరూ అడగరు. మాట వచ్చింది, పోయింది, కథ పరుగెత్తింది.

ఆమె పెన్సిల్ డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. రెండోసారీ పడలేదు.

సాయంత్రం ఆఫీసుకు వెళ్ళేసరికి క్లయింటు ముందే వచ్చి ఉన్నాడు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. సోఫాలు, కుర్చీలు బాగుచేసే షాపు అతనిది. చొక్కా భుజం మీద దారం ముక్కలు, వేళ్ళ నిండా సూది పోట్ల మచ్చలు. సోఫా అంచున కూర్చుని అరచేత్తో దాన్ని నొక్కి చూస్తున్నాడు.

"మీ సోఫాకి స్ప్రింగు పోయింది ప్లీడరుగారూ."

"నాకు తెలుసులేవయ్యా. క్లయింట్లు ఎక్కువసేపు కూర్చోకుండా నేనే ఉంచాను" అన్నాడు అన్నయ్య. "ఇదిగో, మా చెల్లెలు. రేపు మన తరఫున పుస్తకం సంగతి తేల్చేది ఈవిడే. చిన్నీ, నువ్వు మాట్లాడుతూ ఉండు, కాగితాలు జిరాక్స్ తీయించుకొస్తా."

తలుపు మూసుకుంది.

"మిమ్మల్ని ఊళ్ళో అందరూ ఏమని పిలుస్తారు?" అని అడిగింది ఆమె.

"అగ్గిపుల్ల అంటారమ్మా." తడుముకోకుండా చెప్పాడు. "షాపు మీద ఇంత బోర్డు పెట్టించా. అయినా అగ్గిపుల్ల షాపెక్కడ అనే అడుగుతారు."

"కోపం రాదా?"

"పేరు మీద కోపమేముంది? పిలిస్తే పలకాలి కదా. షెడ్డు నా వల్లే పోయిందని పోలీసులకి నేనే చెప్పా. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నాన్నని వదిలేశారు, నన్ను పిల్లల జైలుకి పంపారు. ఊరు ఊరికే ఉంటుందా, పేరు పెట్టింది."

"జీవితమంతా అగ్గిపుల్ల అంటే పలికిన మనిషికి, మీ పేరు కూడా లేని నవల మీద కోపమెందుకొచ్చింది?"

అతను సోఫా అంచున తేలిన దారాన్ని వేలికి చుట్టడం మొదలుపెట్టాడు.

"పుస్తకంలో ఒకచోట పాప పిడికిలి బిగించి ఉంటుంది" అంది ఆమె.

దారం చుడుతున్న వేలు ఆగింది.

"పాప జోలికి పోకండమ్మా."

"అందులో ఏముంది?"

"ఏం లేదు. ఖాళీ."

"ఖాళీ పిడికిలిని చొక్కా కింద ఎందుకు దాచాలి?"

అతను తలుపు వైపు చూశాడు. తర్వాత ఆమె ఒళ్ళో ఉన్న పుస్తకం వైపు చూశాడు, అది లేచి కరుస్తుందేమో అన్నట్టు.

"నేను చదువుకున్నోణ్ణి కాదు" అన్నాడు చివరికి. "చెల్లెలు రాసిందని ఇదొక్కటి చదివా. నన్ను చెడ్డోణ్ణి చేసి రాసింది. పర్లేదు, దానికి తెలిసింది అదే. కానీ ఆ పిడికిలి కూడా రాసేసింది. అప్పటికి అది ఆరేళ్ళ పిల్ల. ఏమీ గుర్తులేదు దానికి. గుర్తులేకుండానే రాసింది. ఇంతమంది చదువుతున్నారే, వాళ్ళలో ఒకడు కాకపోతే ఒకడు అడగడా, పాప చేతిలో ఏముందని? వీధిలో అడుగుతాడు, పేపర్లో అడుగుతాడు, దాన్నే నిలబెట్టి అడుగుతాడు. అడిగితే అది ఆలోచిస్తుంది. ఆలోచిస్తే..."

"అందుకని కేసు వేశారు."

"పుస్తకమే లేకపోతే చదివేవాళ్ళు ఉండరు కదా అని వేశా. పరువు కోసమని ప్లీడరుగారికి చెప్పా. ఆయన పోయి పోయి మిమ్మల్ని పట్టుకొచ్చారు."

అతను నవ్వాడు. ఆ నవ్వులో ఎవరి మీదా నిష్ఠూరం లేదు. అదే ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"మీ నాన్నగారికి?"

"చెప్పలేదు."

"ఆయన పోయేదాకా మీతో మాట్లాడలేదని విన్నాను."

"దానితో మాట్లాడేవాడు కదా. ఇద్దర్లో ఒకళ్ళతోనన్నా మాట్లాడాలిగా మనిషి."

ఆమె పుస్తకాన్ని ఒళ్ళో బోర్లా తిప్పింది.

"రేపు మీరు మా ప్లీడరుగారు చెప్పమన్నది చెప్పండమ్మా" అన్నాడు అతను. "నా మీద పగతో రాసిందనండి. పుస్తకం ఆగిపోతుంది. అక్కడితో అయిపోతుంది."

"అది అబద్ధం."

"నేనూ ఒకటి చెప్పా. ఇన్నేళ్ళు నిలబడింది."

అన్నయ్య జిరాక్స్ కాగితాలతో లోపలికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, "ఏంటి, సోఫా గురించేనా?" అన్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో కారులో ఆమె అడిగింది. "రేపు నన్ను పిలవకుండా ఉండలేవా?"

"ఏం, భయమా? నువ్వు ఆఖరి సాక్షివే. నువ్వు రాకపోతే రేపే కేసు కొట్టేస్తారు, ఎల్లుండికి పుస్తకం మళ్ళీ అచ్చుకెళుతుంది. మా అగ్గిపుల్ల నెత్తిన గుడ్డేసుకోవాలి."

దారులు మూసుకుంటున్నాయి. ఆమె రాకపోతే పుస్తకం ఇల్లిల్లూ తిరుగుతుంది. వచ్చి అబద్ధం చెబితే పుస్తకం చస్తుంది, మంచి పుస్తకం. నిజం చెబితే, ఆ పిడికిట్లోని అగ్గిపుల్ల మీద ఒక మనిషి తన జీవితమంతా పెట్టి మూసిన మూత ఆమె చేతుల మీదుగా ఊడుతుంది.

"అన్నయ్యా, చిన్నప్పుడు నేను చేసిన తప్పు ఎప్పుడైనా నీ మీద వేసుకున్నావా?"

"పిచ్చా? నువ్వు కిటికీ అద్దం పగలగొడితే నాన్నకి సాక్ష్యం చెప్పింది ఎవరు? అప్పుడే తెలిసింది నేను లాయర్నవుతానని." సిగ్నల్ దగ్గర బండి ఆపి ఆమె వైపు చూశాడు. "ఎందుకడిగావు?"

"ఊరికే."

మర్నాడు కోర్టు హాల్లో జనం బాగానే ఉన్నారు. నవల చదివినవాళ్ళు కొందరు పుస్తకాలు చంకన పెట్టుకుని మరీ వచ్చారు. రచయిత్రి తన లాయరు వెనక కూర్చుంది. నలభై ఏళ్ళ సన్నటి మనిషి. ఒళ్ళో తడి రుమాలు. దానితో అరచేతులు తుడుచుకుంటోంది, కాసేపు ఆగి మళ్ళీ తుడుచుకుంటోంది. అవతలి వరసలో ఆమె అన్న. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

లెక్చరర్ ప్రమాణం చేసింది.

అన్నయ్య ప్రశ్నలు సూటిగా సాగాయి. నవలలో పెద్దకొడుకు వేళ్ళ మీద సూది పోట్లు ఉన్నాయా? ఉన్నాయి. పరుపుల షెడ్డు ఉందా? ఉంది. ఆ పాత్ర వాదిని పోలి ఉందా? ఉంది.

"అతన్ని రచయిత్రి దోషిగా చూపించిందా?"

"కథ ప్రకారం అతనే దోషి."

అన్నయ్య తృప్తిగా కూర్చున్నాడు. వాది కళ్ళు మూసుకుని ఊపిరి వదలడం ఆమెకు కనిపించింది. ఇక్కడితో దిగిపోతే బాగుండునని ఆమెకూ అనిపించింది.

అవతలి లాయరు లేచాడు. తోటి లాయర్లంతా ఆయన్ని చిరునవ్వు అంటారు. ఓడిపోతున్నప్పుడు కూడా పెళ్ళిపందిట్లో నిలబడ్డట్టు ఉంటాడు.

"అమ్మా, వాది తరఫు లాయరుగారు మీకేమవుతారు?"

"అన్నయ్య."

"స్వయానా?"

"అమ్మా నాన్నా అలాగే చెప్పారు."

హాల్లో నవ్వులు. జడ్జి కళ్ళజోడు పైనుంచి చూశారు. ఆమె నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న పెద్దావిడ. నవ్వులు ఆగిపోయాయి.

"మా మనవరాలు మీ క్లాసులోనే చదువుతోంది" అన్నాడు చిరునవ్వు. "మీరు వాళ్ళకి ఒక మాట చెబుతారట. కథలో రచయిత చెప్పాలనుకున్నది చెబుతాడు, పోలికల్లో తెలియకుండా తన సంగతి చెప్పేసుకుంటాడు. నిజమేనా?"

"నిజమే."

"ఇప్పుడు మీరు కథ ప్రకారం దోషి అన్నారు. నేను పోలికల ప్రకారం అడుగుతున్నా. మీరు గీతలు గీసిన పుస్తకం కోర్టులో దాఖలు చేశారు. నీలం గీతలు పెద్దకొడుకువని మొదటి పేజీలో రాసుకున్నారు. కాస్త చదవండి."

అన్నయ్య అభ్యంతరం చెప్పాడు. జడ్జి కొట్టేశారు. లెక్చరర్ చేతికి ఆమె పుస్తకమే వచ్చింది.

చదివింది. వానలో గొడుగు. చూరు. గిన్నె మీద మూత. దుప్పటి. ఒక్కొక్కటీ విడిగా అయితే ఏముంది, మామూలు మాటలు. వరసగా వినిపించేసరికి హాల్లో కుర్చీల కిర్రుమనే చప్పుడు కూడా పోయింది. రచయిత్రి రుమాలుతో చేతులు తుడుచుకోవడం ఆపింది. ఆ మాటలు తను రాసినవేనా అన్నట్టు తల కొద్దిగా వంచి వింటోంది.

"పగ ఉన్నవాణ్ణి ఎవరైనా గొడుగుతో పోలుస్తారా అమ్మా?"

"పోల్చరు."

"అంటే నా క్లయింటుకి అన్న మీద పగ లేదు."

ఆమె అన్నయ్య వైపు చూడలేదు. "లేదు. ఆ పుస్తకం అన్నను వెళ్ళగొట్టడానికి రాసింది కాదు. వెనక్కి పిలవడానికి రాసింది. ఎలా పిలవాలో తెలియక కథలో కోర్టు కట్టింది."

వెనక ఎవరో దగ్గారు. అన్నయ్య పెన్ను కింద పెట్టేశాడు. కేసు చిరునవ్వు చేతిలోకి వచ్చేసింది. ఆయన అక్కడితో కూర్చోవచ్చు. కానీ హాలంతా ఊపిరి బిగబట్టి వింటుంటే ఏ లాయరు కూర్చుంటాడు?

"ఆకుపచ్చ గీత ఒకటే ఉంది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఉన్న వాక్యం. అది కూడా చదివి, దాని అర్థం వివరించండి. ఈ ప్రేమ ఎలాంటిదో కోర్టు కూడా వింటుంది."

ఆమె పేజీ తిప్పింది. అక్షరాలు కనిపిస్తున్నాయి. అవతలి వరసలో అగ్గిపుల్ల సగం లేచి నిలబడ్డాడు, తను లేచినట్టు తనకే తెలియకుండా. తల అడ్డంగా కూడా ఊపడం లేదు. ఊరికే చూస్తున్నాడు. అరచేతులు రెండూ ముందుకొచ్చి ఉన్నాయి, ఏదో కింద పడబోతుంటే పట్టుకోవడానికి వచ్చినట్టు.

"చదవండమ్మా" అన్నాడు చిరునవ్వు.

"చదవను."

"ఏమిటి?"

ఆమె జడ్జి వైపు తిరిగింది. "నేను ప్రమాణం చేశాను. చదివితే అర్థం చెప్పాలి, చెబితే నిజమే చెప్పాలి. పగ ఉందా లేదా అన్నది ఈ కోర్టు అడిగింది, లేదని చెప్పాను. ఈ వాక్యం ఆ ప్రశ్నకు సంబంధించింది కాదు. దీన్ని వదిలేయనివ్వండి."

"వదిలేయాలో లేదో కోర్టు తేలుస్తుంది" అన్నారు జడ్జి. "ఏ పేజీ?"

ఆమె చెప్పింది. జడ్జి తన ముందున్న ప్రతి తెరిచారు. హాల్లో పుస్తకాలు తెచ్చుకున్నవాళ్ళు కూడా తెరిచారు, పేజీలు తిరిగే చప్పుడు చిన్న వానలా వచ్చి ఆగింది. రచయిత్రి మాత్రం తెరవలేదు. ఆమెకు ఏ వాక్యమో తెలుసు.

జడ్జి ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి, లేచి నిలబడ్డ సోఫాల మనిషిని చూశారు. అతని చేతులు చూశారు. తర్వాత పుస్తకం మూసి పక్కన పెట్టారు.

"కోర్టు ఆ వాక్యం చదివింది. సాక్షి చదవనక్కర్లేదు" అన్నారు. "లాయరుగారూ, మీకు కావలసిన జవాబు మీకు వచ్చింది. కూర్చోండి. భోజనం తర్వాత కొనసాగిద్దాం."

చిరునవ్వు మొహంలో నవ్వు అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం ఆయనకు తెలియలేదు.

వరండాలో అన్నయ్య ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఏం చేశావో తెలుస్తోందా? నా సాక్షివై నా కేసే ముంచావు. ఏముంది ఆ వాక్యంలో? నాకైనా చెప్పు."

"నువ్వు చెప్పేస్తావు."

"ఎవరికి?"

"నాన్నకి సాక్ష్యం చెప్పినట్టే."

అంతలో ఆమె చూపు అతని భుజం మీదుగా వెళ్ళింది.

వరండా చివర కుళాయి ఉంది. రచయిత్రి అక్కడ నిలబడి చేతులు కడుక్కుంటోంది. కడిగి, చూసుకుని, మళ్ళీ కడిగింది. ఒక్కసారిగా కుళాయి కట్టేసి ఇటు వచ్చింది. రచయిత్రి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీరు చదవలేదు" అంది.

"లేదు."

"చదివి ఉంటే ఆ మాటకి అర్థం లేదని నవ్వేసేదాన్ని. ఏదో రాసేటప్పుడు వచ్చిందని చెప్పేదాన్ని. ఎవరు అడిగినా అదే చెప్పేదాన్ని." ఆమె వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "మీరు చదవనన్నారు. అప్పుడు నాలో నేనే చదువుకోవాల్సి వచ్చింది. మా అన్నయ్య ఎక్కడ?"

చెప్పకుండా ఉండొచ్చు. అతను అటు వెళ్ళాడనో, ఇంటికి పోయాడనో అనొచ్చు. లెక్చరర్ చెయ్యి చూపించింది.

అగ్గిపుల్ల మెట్ల పక్కన చెక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెలు వస్తుంటే చూసి గబుక్కున లేచాడు. పారిపోవాలా నిలబడాలా తేల్చుకోలేనట్టు అడుగు ముందుకేసి వెనక్కి తీశాడు. ఎప్పుడో నాన్న దినాల నాడు గుమ్మం అవతల నుంచి చూసిన చెల్లెలు ఇప్పుడు అంత దగ్గరగా వచ్చింది.

"కేసు తీసేయిస్తున్నా తల్లీ" అన్నాడు ఆమె నోరు తెరవకముందే. "పుస్తకం బాగుంది. జనం చదువుకోనీ. షెడ్డు సంగతి నువ్వు రాసింది నిజమే. సిగరెట్టు నాదే. నేనే..."

ఆమె అతని నోటి మీద చెయ్యి పెట్టింది.

అతను ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ ఎవరికి చెప్పినా ఆగకుండా వచ్చిన మాట అది.

ఆమె ఆ చెయ్యి తీసి, పిడికిలి బిగించి, అతని ముందు పెట్టింది. తడి ఇంకా ఆరలేదు. వేళ్ళ సందుల్లోంచి ఒక నీటిచుక్క కిందికి జారింది.

"ఇందులో ఏముంది అన్నయ్యా?"

వరండాలో గుమాస్తాలు టీ గ్లాసులతో తిరుగుతున్నారు. ఎవరో ఎవర్నో పేరు పెట్టి కేకేశారు. ప్లీడరు అన్నయ్య తన చెల్లెలి పక్కన నిలబడి, వాళ్ళిద్దర్నీ చూసి, ఆమెను చూసి, మొదటిసారిగా ఏమీ అడగలేదు.

సూది పోట్ల చేతులు రెండూ లేచి ఆ పిడికిలిని చుట్టేశాయి.

"ఏం లేదమ్మా" అన్నాడు అగ్గిపుల్ల. "ఖాళీ."

"విప్పి చూడనీ."

అతను వదల్లేదు. ఆమె విప్పడానికి గుంజుతోంది, అతను మూసి పట్టుకున్నాడు. ఇద్దరూ అలా మెట్ల దగ్గర, దారికి అడ్డంగా, పిల్లల్లా పెనుగులాడుతూ నిలబడ్డారు. కిందినుంచి వస్తున్నవాళ్ళు వాళ్ళను తప్పించుకుని పక్కనుంచి ఎక్కిపోతున్నారు.